పేరు మీద మమకారం: ఫోన్లు, టీవీలు, సిమ్ కార్డులపై పాఠకుల ప్రశ్నలు

ఏళ్ల తరబడి ఒకే కంపెనీని పట్టుకుని ఉండటం గురించి, వదలాలనుకున్నప్పుడు పడే ఇబ్బంది గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. చాలా ఉత్తరాల్లో రెండు విషయాలు కలగలిసిపోయి కనిపించాయి. ఒకటి, వస్తువు మీద ఉన్న నిజమైన ఇష్టం. రెండోది, అందులోంచి బయటపడలేమన్న భయం. ఇష్టం మీ సొంతం. భయానికి కారణం మాత్రం చాలాసార్లు కంపెనీ వేసిన తాళమే. ఏది ఏదో విడదీసుకుంటే సగం చిక్కు వీడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయిలిద్దరూ ఇంజినీరింగ్ చదువుతున్నారు. పెద్దవాడిది ఐఫోన్, చిన్నవాడిది ఆండ్రాయిడ్. భోజనాల దగ్గర మొదలైన వాదన ఒకరు అలిగి లేచిపోయేదాకా వెళ్తోంది. ఒక వస్తువు గురించి ఇంత పట్టింపేమిటి?
— ఏలూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పైకి ఫోను గురించి వాదించుకుంటున్నట్టే ఉంటుంది. లోపల ఇద్దరూ కాపాడుకుంటున్నది తమ ఎంపికని. 1956లో జాక్ బ్రెమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విద్యార్థినులకు కొన్ని గృహోపకరణాలు చూపించి, ఒక్కోదానికీ మార్కులు వేయమన్నారు. ఆ తర్వాత దాదాపు సమానంగా నచ్చిన రెండింటిలో ఒకటి ఎంచుకోమన్నారు. కాసేపాగి మళ్లీ మార్కులు వేయిస్తే, ఎంచుకున్నదానికి పెరిగాయి, వదిలేసినదానికి తగ్గాయి. వస్తువులు అవే, మనుషులూ వాళ్లే. మధ్యలో జరిగిందల్లా ఒక నిర్ణయం.

చేతిలోకి వచ్చాక విలువ ఎలా పెరుగుతుందో 1990లో కానమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు చూపించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థుల్లో సగం మందికి మామూలు కాఫీ కప్పులిచ్చి అమ్ముతారా అని అడిగితే వాళ్లు చెప్పిన ధర 5 డాలర్ల దగ్గర ఉంది. కప్పు లేనివాళ్లు కొనడానికి ఇస్తామన్నది 3 డాలర్లలోపే. పాత ఫోను అమ్మకానికి పెట్టినవారికి, బేరానికి వచ్చినవారికి ధర ఎందుకు కుదరదో దీన్నిబట్టే అర్థమవుతుంది.

దీనికి గుంపు తోడైతే పట్టు ఇంకా బిగుస్తుంది. యాపిల్ 1998లో న్యూటన్ అనే చేతి కంప్యూటర్ తయారీని ఆపేసింది. అయినా దాన్ని వాడేవాళ్లు చెదిరిపోలేదు. ఒకరికొకరు మరమ్మతులు నేర్పుకుంటూ, సాఫ్ట్‌వేర్ రాసుకుంటూ ఏళ్ల తరబడి నడుపుకున్నారు. కంపెనీ వదిలేసినా బంధం నిలిచిందంటే ఆ బంధం మనుషుల మధ్య ఉందన్నమాట. కంపెనీలకూ ఇది తెలుసు. 2014లో వన్‌ప్లస్ తన మొదటి ఫోనును ఆహ్వానం ఉన్నవారికే అమ్మింది. అదే ఏడాది షావోమీ మన దేశంలో ఫ్లాష్ సేల్స్ (చెప్పిన వేళకు కొన్ని ఫోన్లే పెట్టి, అయిపోగానే ఆపేసే అమ్మకాలు) పెట్టింది. గడియారం చూసుకుంటూ, పేజీ తెరుచుకోక తిప్పలు పడి సాధించుకున్న ఫోనుని ఎవరైనా ఒక మాటంటే ఊరుకుంటామా?

“ఫోను కోసం కొట్టుకుంటారా” అని కసరకండి. చిన్నబుచ్చినకొద్దీ పట్టుదల పెరుగుతుంది. ధర ఎత్తి పొడవడం అంతకన్నా చేటు. దానికి బదులు, తన ఫోనులో తనకే విసుగు తెప్పించే 3 విషయాలు ఎవరికి వారిని కాగితం మీద రాయమనండి. తర్వాత ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్, ఆండ్రాయిడ్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి, వారంలో ఎక్కువ వాడిన 5 యాప్‌లు పక్కపక్కన పెట్టమనండి. చాలావరకు అవే యాప్‌లు రెండింట్లోనూ ఉంటాయి. అప్పుడు వాదన కెమెరా, ఛార్జింగ్ లాంటి కొలవగలిగే విషయాల మీదికి మళ్లుతుంది. అలాంటి వాదన భోజనాల దగ్గర ఉన్నా ఫర్వాలేదు.

ప్రశ్న: ఆరేళ్లుగా ఐఫోనే వాడుతున్నాను. ఈసారి ఖర్చు తగ్గించుకుని ఆండ్రాయిడ్‌కి మారాలని ఉంది. ఏదో ద్రోహం చేస్తున్నట్టు మనసు పీకుతోంది. దానికి తోడు పిల్లల ఫొటోలు, వాట్సాప్ అన్నీ పోతాయేమోనని భయం.
— కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ద్రోహం మాట పక్కన పెట్టండి. ఆరేళ్లూ డబ్బిచ్చారు, వాడుకున్నారు, లెక్క సరిపోయింది. మీ భయం మాత్రం న్యాయమైనదే, దానికి పని ఉంది.

మారేముందు ఒకటి చూడండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్. గరిష్ఠ సామర్థ్యం 80 శాతం కంటే తగ్గి ఉంటే ఫోను మందగించడానికి, మధ్యాహ్నానికే ఛార్జింగ్ అయిపోవడానికి అదే ముఖ్య కారణం కావచ్చు. బ్యాటరీ మార్పించుకుంటే ఇంకో రెండేళ్లు నడిచే ఫోనుని చాలామంది అమ్మేసుకుంటున్నారు. అప్‌డేట్లు ఇంకా వస్తున్నాయో లేదో కూడా చూసుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

మారడమే ఖాయమైతే అన్నిటికన్నా ముందు వాట్సాప్ సంగతి చూడాలి, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. ఐక్లౌడ్‌లో (యాపిల్ ఆన్‌లైన్ నిల్వలో) ఉన్న వాట్సాప్ బ్యాకప్‌ను ఆండ్రాయిడ్ చదవలేదు. రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపి తరలించాలి. ఐఫోన్ 14, అంతకు ముందువాటికి ఒక వైపు లైట్నింగ్, మరోవైపు సీ-టైపు ఉన్న కేబుల్ కావాలి. ఐఫోన్ 15 నుంచి రెండు వైపులా సీ-టైపే. కొత్త ఫోనులో ఆండ్రాయిడ్ 12 గానీ ఆపైది గానీ ఉంటే మంచిది. డబ్బా తెరిచి మొదటిసారి సెటప్ చేస్తున్నప్పుడే “పాత ఫోను నుంచి డేటా తీసుకోండి” అన్న చోట కేబుల్ కలపాలి. కొత్త ఫోను చూపించే క్యూఆర్ కోడ్‌ను ఐఫోన్‌తో స్కాన్ చేస్తే వాట్సాప్ తరలింపు మొదలవుతుంది. రెండింట్లోనూ ఒకే నంబరు ఉండాలి. తొందరపడి ఆ మెట్టు దగ్గర స్కిప్ నొక్కేస్తే, కొత్త ఫోనుని ఫ్యాక్టరీ రీసెట్ చేసి మళ్లీ మొదటికి రావాల్సిందే. కాల్స్ చరిత్ర రాదు, చాట్లు వస్తాయి. మీరు తుడిచేసేదాకా పాత ఫోనులోనూ అవి ఉంటాయి కాబట్టి కంగారు అక్కర్లేదు.

ఫొటోలకు యాపిల్ వారి డేటా, ప్రైవసీ పేజీలోకి వెళ్లి, ఐక్లౌడ్ ఫొటోల నకలును గూగుల్ ఫొటోస్‌కు పంపమని కోరవచ్చు. 3 నుంచి 7 రోజులు పడుతుంది. ఈలోగా గూగుల్‌లో చోటు చూసుకోండి. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ అన్నీ సర్దుకోవాలి. మీ దగ్గర 60 జీబీ ఫొటోలుంటే ముందే 100 జీబీ ప్లాన్ తీసుకోవాలి, లేకపోతే తరలింపు మధ్యలో ఆగుతుంది. షేర్డ్ ఆల్బమ్‌లు రావు. లైవ్ ఫొటోల్లో కదలిక పోవచ్చు. వచ్చాక ఏడాదికో నెల చొప్పున తెరిచి రెండు చోట్లా పోల్చి చూడండి. అంతవరకు ఐక్లౌడ్‌లో ఒక్కటి కూడా తుడవకండి.

కాంటాక్ట్‌లను ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో అన్నీ ఎంచుకుని వీకార్డ్‌గా (పేర్లు, నంబర్లు ఉండే ఫైలుగా) దించుకుని, గూగుల్ కాంటాక్ట్స్‌లో ఇంపోర్ట్ చేస్తే సరి.

సిమ్ తీసే ముందు మర్చిపోకుండా చేయాల్సింది: సెట్టింగ్స్‌లో ఐమెసేజ్, ఫేస్‌టైమ్ (యాపిల్ సొంత మెసేజ్, వీడియో కాల్ సౌకర్యాలు) రెండూ ఆపేయాలి. ఆపకపోతే ఐఫోన్ వాడే బంధువులు పంపే మెసేజ్‌లు యాపిల్ దారిలోనే వెళ్లి మీ కొత్త ఫోనుకు చేరవు. పంపినవారికేమో వెళ్లినట్టే కనిపిస్తుంది. ఫోను ఇప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటే, నంబరును తొలగించుకునే పేజీని యాపిల్ 2014 నవంబరు నుంచి నడుపుతోంది. నంబరు ఇచ్చి, వచ్చే 6 అంకెల కోడ్ కొడితే చాలు.

యాపిల్ వాచ్ ఆండ్రాయిడ్‌తో పనిచేయదు. ఇది యాపిల్ ఒక్కటే వేసిన తాళం కాదు, గెలాక్సీ వాచ్ 4 నుంచి శాంసంగ్ గడియారాలూ ఐఫోన్‌తో కలవవు. ఎయిర్‌పాడ్స్ మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలా పనిచేస్తాయి. యూపీఐ యాప్‌లు కొత్తగా నమోదు చేసుకోవాలి. బ్యాంకులో ఉన్న నంబరు సిమ్ అదే ఫోనులో ఉండాలి, ఎస్సెమ్మెస్ వెళ్లేంత బ్యాలెన్స్ ఉండాలి. మొదటి 24 గంటలు కొన్ని బ్యాంకులు తక్కువ మొత్తాలే పంపనిస్తాయి కనుక అద్దె కట్టే రోజున ఈ పని పెట్టుకోకండి.

పాత ఫోను ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేముందు యాపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి, ఫైండ్ మై (పోయిన ఫోనును వెతికే సౌకర్యం) ఆపాలి, ఆ తర్వాతే మొత్తం తుడవాలి. ఫైండ్ మై ఆపకుండా తుడిస్తే యాక్టివేషన్ లాక్ (మీ పాస్‌వర్డ్ లేనిదే ఫోను తెరుచుకోని తాళం) పడి, ఎక్స్‌చేంజ్ చేసుకోవడానికి వచ్చిన మనిషి గుమ్మంలోంచే వెనక్కి పోతాడు. వీలైతే నెలరోజులు రెండు ఫోన్లూ ఉంచుకోండి. మొదటి వారం వేళ్లు పాత చోట్లనే వెతుక్కుంటాయి. ఆ వారంలో కలిగే చిరాకును కొత్త ఫోను లోపంగా లెక్కేయకండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. నోకియా తప్ప మరోటి ముట్టరు. పాత ఫోను బటన్లు అరిగిపోయాయి. టచ్ ఫోను కొనిస్తే బీరువాలో పెట్టేశారు. ఏం చేయాలి?
— వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: బీరువాలో పెట్టారంటే మీ బహుమతిని కాదన్నట్టు కాదమ్మా. ఆయన చేతికి అది ఒదగలేదు, అంతే. ఆయన నమ్మకానికి గట్టి కారణాలే ఉన్నాయి. 2003లో వచ్చిన నోకియా 1100 మనలాంటి దేశాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఫోను. దుమ్ము దూరని కీప్యాడ్, చెమట చేతికి జారని అంచులు, కరెంటు పోతే పనికొచ్చే టార్చి. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడైంది. 2007 ఆగస్టులో బీఎల్-5సీ బ్యాటరీల్లో ఒక రకం వేడెక్కే ప్రమాదం ఉందని నోకియాయే ప్రకటించి, 4.6 కోట్ల బ్యాటరీలకు అడిగినవారికి ఉచితంగా మార్పిడి ఇస్తామంది. తప్పు దాచని కంపెనీని మరచిపోవడం కష్టం.

కానీ ఆ నోకియా ఇప్పుడు అదే రూపంలో లేదు. ఫోన్ల వ్యాపారం 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన కర్మాగారం 2014 నవంబరులో మూతపడింది. ఆ తర్వాత నోకియా పేరుతో ఫోన్లు తెచ్చింది హెచ్ఎండీ అనే వేరే కంపెనీ, పేరును లైసెన్సు మీద తీసుకుని. ఈ వివరమంతా నాన్నగారికి చెప్పి ఒప్పించాల్సిన పని లేదు. ఆయనకు కావలసినవి ఆ పేరులోనే ఇమిడి ఉన్నాయి: చూడకుండా నొక్కగలిగే బటన్లు, టార్చి, రోజుల తరబడి ఆగే ఛార్జింగ్, గట్టి శబ్దం. ఇవున్న కీప్యాడ్ ఫోనే కొనివ్వండి. నోకియా పేరున్నది దొరికితే ఇంకా మంచిది.

కొనేటప్పుడు డబ్బా మీద 4జీ వోల్టీ అని ఉందో లేదో చూడండి. జియోకు 2జీ నెట్‌వర్క్ లేదు, 2జీ ఫోనులో ఆ సిమ్ వేస్తే అసలు పనిచేయదు. దుకాణంలోనే ఆయన సిమ్ వేసి, ఒక కాల్ చేసి, ఒకటి రప్పించి చూడండి.

నంబర్ల తరలింపులో ఒక చిక్కుంది. పాత ఫోను మెమరీలో ఉన్నవి సిమ్‌లోకి కాపీ చేస్తే, చాలా సిమ్‌లలో 250 పేర్లకే చోటు. పేరు కూడా 14 ఇంగ్లిష్ అక్షరాల దగ్గర తెగిపోవచ్చు. తెలుగులో రాసుకున్న పేర్లు అందులో సగానికే తెగుతాయి. “వెంకటేశ్వర్లు హనుమకొండ”, “వెంకటేశ్వర్లు హైదరాబాద్” రెండూ ఒక్కలాగే మిగులుతాయి. అందుకని బ్లూటూత్‌లో వీకార్డులుగా పంపండి. అది కుదరకపోతే ముఖ్యమైన 40 నంబర్లు మీరే కూర్చుని ఎక్కించండి. స్పీడ్ డయల్‌లో 2 నుంచి 9 వరకు పాత ఫోనులో ఎవరుంటే కొత్తదాంట్లోనూ వాళ్లనే అదే అంకె మీద పెట్టండి. ఆయన వేలికి గుర్తున్నది పేరు కాదు, ఆ బటనే.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్నేహితుల గ్రూపులో తన వల్ల మెసేజ్‌లు ఆకుపచ్చ బుడగల్లో కనిపిస్తున్నాయని ఐఫోన్ కావాలని ఏడుస్తోంది. ఇది అవసరమా, ఆడంబరమా?
— అమెరికాలోని డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇండియాలో అందరూ వాట్సాప్‌లో ఉంటారు కాబట్టి ఇక్కడివారికి ఈ బాధ అర్థం కాదు. అమెరికాలో పిల్లలు ఫోనులోనే వచ్చే మెసేజెస్ యాప్ వాడతారు. ఐఫోన్ నుంచి ఐఫోన్‌కు వెళ్లేది ఐమెసేజ్, నీలం బుడగ. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు గానీ, ఆండ్రాయిడ్ ఉన్న గ్రూపుకు గానీ పంపితే ఆ బుడగ ఆకుపచ్చ. చాలాకాలం రంగు ఒక్కటే తేడా కూడా కాదు. ఆండ్రాయిడ్ పిల్ల ఒక్కతి గ్రూపులో చేరితే అందరికీ వీడియోలు మసకబారేవి, టైప్ చేస్తున్న గుర్తు కనిపించేది కాదు. అంటే ఆ పిల్ల వల్ల గ్రూపంతా పాడైనట్టు అనిపించేది. యాపిల్ మీద 2024 మార్చిలో అమెరికా న్యాయశాఖ వేసిన దావాలో ఈ సంగతీ ఉంది.

2024 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఆర్‌సీఎస్ అనే పద్ధతి ఐఫోన్లలోకి వచ్చింది. ఫొటోలు స్పష్టంగా వెళ్తాయి, చదివిన గుర్తు, టైప్ చేస్తున్న గుర్తు కనిపిస్తాయి. రంగు మాత్రం ఆకుపచ్చే. మీ అమ్మాయి ఫోనులో గూగుల్ మెసేజెస్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆన్‌లో ఉందో చూడండి. స్నేహితుల ఐఫోన్లలోనూ మెసేజెస్ సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉండాలి. పాత గ్రూపును అలాగే ఉంచితే పాత పద్ధతిలోనే నడవచ్చు, కొత్త గ్రూపు మొదలుపెట్టమనండి.

ఇవన్నీ చేసినా పక్కన పెడుతున్నారంటే అది ఫోను సమస్య కాదు, అప్పుడు అమ్మాయితో కూర్చుని మాట్లాడాల్సింది వేరే. ఫోను కొనిచ్చే స్తోమత ఉంటే ఒక తరం పాత ఐఫోన్ కొనివ్వడం తప్పేమీ కాదు. ఆ వయసులో గ్రూపు బయట నిలబడటం చిన్న కష్టం కాదని మా నమ్మకం.

ప్రశ్న: వరసగా నాలుగు ఫోన్లు ఒకే కంపెనీవి కొన్నాను. పదిమంది చేత కొనిపించాను. అప్‌డేట్ చేసిన మర్నాడు తెర మీద ఆకుపచ్చ గీత పడింది. వారంటీ అయిపోయిందని సర్వీస్ సెంటర్‌లో చేతులెత్తేశారు. డబ్బు కన్నా మోసపోయానన్న బాధే ఎక్కువగా ఉంది. మళ్లీ ఆ కంపెనీని నమ్మాలా?
— విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ బాధ సహజం. కొత్త కంపెనీ అయితే “పోనీలే” అనుకునేవారు. మీరు పదిమందికి పూచీ పడ్డారు, ఆ మాట పోయిందన్నదే మిమ్మల్ని ఎక్కువ కోస్తోంది.

ముందు గీత సంగతి. అమోలెడ్ తెరలో నిలువుగా ఒక వరస చుక్కలకు సంకేతం సరిగా అందనప్పుడు ఇలాంటి గీత పడుతుంది. తెర అంచున డ్రైవర్ చిప్‌ను, సన్నని ఫ్లెక్స్‌ను (తెరను ఫోనుకు కలిపే వంగే పట్టీని) అతికించిన చోట పట్టు సడలడం ఎక్కువగా కనిపించే లోపం. వేడి, ఒత్తిడి దాన్ని పెంచుతాయి. అప్‌డేట్ జరిగేటప్పుడు ఫోను బాగా వేడెక్కుతుంది. లోపం సాఫ్ట్‌వేర్‌దా, తెరదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోనుకు పంపండి. అక్కడ గీత కనిపించకపోతే లోపం తెరలోనే ఉంది. ఫోను ఆన్ అవుతున్నప్పుడు కంపెనీ గుర్తు మీద కూడా గీత కనిపిస్తే ఇక సందేహం లేదు. ఫ్యాక్టరీ రీసెట్ చేయమంటే చేయకండి, గీత పోదు, డేటా పోతుంది. గీతలు పెరిగి తెర మొత్తం ఆరిపోయేలోగా బ్యాకప్ తీసుకోండి.

వీధిలోని దుకాణంలో విప్పించకండి. విప్పిన ఫోను మీద కంపెనీని నిలదీసే హక్కు బలహీనపడుతుంది. గీత కనిపించేలా, అంచులు నాలుగూ కనిపించేలా ఫొటోలు తీయండి. స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య), బిల్లు, అప్‌డేట్ అయిన తేదీ ఒకచోట రాసుకోండి. సర్వీస్ సెంటర్‌లో జాబ్ షీట్ (ఫోను లోపం రాసిచ్చే కాగితం) అడిగి తీసుకోండి. అందులో “తెర మీద గీత ఉంది, పైకి దెబ్బ లేదు” అని రాయించండి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే: నోటిమాటగా కాదనిపించుకుని బయటికి వచ్చేస్తారు. కాదనేదైనా కాగితం మీద ఉండాలి. ఇలాంటి గీతలకు వారంటీ దాటాక కూడా ఉచితంగా తెర మార్చిన కంపెనీలు ఉన్నాయి. మీ మోడల్‌కు అలాంటి పథకం ఉందేమో కేంద్ర కార్యాలయానికి మెయిల్ రాసి అడగండి. స్థానిక సెంటర్‌కు తెలియకపోవచ్చు.

మెయిల్‌లో “నాలుగు ఫోన్లు కొన్నాను” అన్నది ఒక్క వాక్యం చాలు. మిగతాదంతా తేదీలు, నంబర్లు, మీరేం కోరుతున్నారో. బాధనంతా అందులో పోస్తే అసలు విషయం మునిగిపోతుంది. జవాబుకు 15 రోజుల గడువు పెట్టండి. రాకపోతే 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపుంటే ఫీజు లేదు. లోపం బయటపడిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

మళ్లీ ఆ కంపెనీని నమ్మాలా అని కూడా అడిగారు. లోపం వచ్చిందా అన్నదాన్ని బట్టి కాదు, వచ్చాక ఏం చేసిందన్నదాన్ని బట్టి తేల్చుకోండి. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు అంటుకున్నాయి. మార్చి ఇచ్చినవీ అంటుకోవడంతో అక్టోబరులో ఆ ఫోనునే ఆపేసింది. 2017 జనవరిలో బ్యాటరీల్లో లోపం ఏమిటో బహిరంగంగా వివరించింది. అదే ఏడాది నోట్ 8 వస్తే జనం కొన్నారు. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగం తగ్గిస్తున్నామని యాపిల్ 2017 డిసెంబరులో గానీ సూటిగా ఒప్పుకోలేదు. ఫోను హఠాత్తుగా ఆగిపోకుండా అలా చేశామన్న కారణంలో నిజముంది. ముందే చెప్పకపోవడమే అభిమానులను గాయపరిచింది. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించింది. 2020లో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు రాజీ కుదుర్చుకుంది. మీ మెయిల్‌కు వచ్చే జవాబు చూశాక మీకే తెలుస్తుంది.

ప్రశ్న: 18 ఏళ్లుగా ఒకే నెట్‌వర్క్. ఛార్జీలు పెరిగాయి, ఇంట్లో సిగ్నల్ తగ్గింది. అయినా మారడానికి మనసొప్పడం లేదు.
— కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: 18 ఏళ్ల బంధం మీ నంబరుతో. నెట్‌వర్క్ మారినా అది మీతోనే వస్తుంది. దేశమంతటా 2011 జనవరి 20 నుంచి ఈ సౌకర్యం ఉంది.

ముందు మారబోయే నెట్‌వర్క్‌ది చవకలో ఒక ప్రీపెయిడ్ సిమ్ తీసుకుని, వారం రోజులు మీ ఇంట్లో వంటగదిలో, పడకగదిలో, ఆఫీసులో వాడి చూడండి. ఊరంతా బాగుందన్న మాట మీ గోడల మధ్య పనికిరాదు. నచ్చితే ఇంగ్లిష్‌లో పోర్ట్ అని, ఖాళీ వదిలి, మీ పదంకెల నంబరు కొట్టి 1900కు పంపండి. వచ్చే కోడ్ 4 రోజులు చెల్లుతుంది. ఒకే సర్కిల్‌లో (టెలికాం సేవల కోసం విడదీసిన ప్రాంతంలో) అయితే 3 పనిదినాలు, వేరే సర్కిల్‌కు 5. పోస్ట్‌పెయిడ్ బిల్లు బకాయి ఉంటే కోడ్ రాదు. ఇటీవల సిమ్ మార్పించుకుని ఉంటే 7 రోజులు ఆగాలి. పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు, బ్యాలెన్స్ పోతాయి కనుక గడువు చివరిలో మారండి. మారాక 90 రోజులు కదలడానికి లేదు. అందుకే ఆ వారం పరీక్ష.

ప్రశ్న: మా ఇంట్లో టీవీ ఏ కంపెనీదైతే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా అదే కొంటాం. నాన్నగారి కాలం నుంచి అలవాటు. ఇది మంచి పద్ధతేనా?
— అనంతపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నాన్నగారి కాలంలో అది మంచి పద్ధతే. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ, హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్ కొన్నవారికి పేరు, కర్మాగారం, మరమ్మతు మనిషి అన్నీ ఒక్కటే. పేరును నమ్మితే తయారీని నమ్మినట్టే.

ఇప్పుడు టీవీల్లో పేరు అద్దెకు దొరుకుతుంది. మన దేశంలో కొడాక్, థామ్సన్ పేర్లతో టీవీలు చేస్తున్నది సూపర్ ప్లాస్ట్రానిక్స్ అనే భారతీయ కంపెనీ. తోషిబా టీవీల వ్యాపారం చైనాకు చెందిన హైసెన్స్ కొనుక్కుంది. నోకియా పేరుతో 2019 డిసెంబరులో ఇక్కడ టీవీ తెచ్చింది ఫ్లిప్‌కార్ట్. అవి చెడ్డవని చెప్పడం లేదు. పాత పేరు మీది నమ్మకం కొత్త తయారీకి దానంతటదే వర్తించదని మాత్రమే. కాబట్టి డబ్బా మీద పెద్ద అక్షరాలు కాక, చిన్న అక్షరాల చీటీ చదవండి. తయారీదారు లేదా దిగుమతిదారు ఎవరు, నెల, సంవత్సరం, ఫిర్యాదు నంబరు అందులో తప్పనిసరిగా ఉంటాయి.

ఫ్రిజ్‌కి స్టార్ల చీటీ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. ఒకటి 250, ఇంకొకటి 180 అయితే తేడా 70. యూనిట్‌కు 7 రూపాయల లెక్కన ఏడాదికి 490, పదేళ్లకు 4,900. ఎక్కువ యూనిట్లు తినేది అలవాటైన కంపెనీ ఫ్రిజ్ అయితే, రెండోదానికన్నా అది 4,900 రూపాయలకు మించి చవకగా వస్తేనే లాభం. చీటీ మీద సంవత్సరం కూడా చూడండి. ప్రమాణాలు బిగించినప్పుడు పాత 5 స్టార్ కొత్త లెక్కలో 4కు దిగవచ్చు. “కంప్రెసర్‌కు 10 ఏళ్లు” అంటే కంప్రెసర్ ఒక్కదానికే. గ్యాస్ నింపడం, మనిషి కూలీ చాలావరకు మీవే.

అన్నీ ఒకే కంపెనీవి కొనడంలో నిజమైన లాభం ఒక్కటే, సర్వీస్ మనిషి తెలిసినవాడవుతాడు. ఆ లాభం మీకు ఉందో లేదో కొనేముందే తేలుతుంది. ఆ కంపెనీ సర్వీస్ నంబరుకు ఫోను చేసి రెండు ప్రశ్నలడగండి. వాషింగ్ మెషీన్ మెకానిక్ అనంతపురంలోనే ఉంటాడా, కర్నూలు నుంచో బెంగళూరు నుంచో రావాలా? ఈ మోడల్ టీవీకి ప్యానెల్ (తెర) మార్చాలంటే ఈరోజు ధరెంత? ప్యానెల్ ధర టీవీ ధరలో ముప్పావు వంతు దాటితే, వారంటీ ఎన్నేళ్లుందో చూసుకుని ఆ తర్వాతే డబ్బు కట్టండి.